చింతపండుతో తోమిన గేర్లు

కారు ఇంకా ఉందన్న మాట మొదట నా చెవిన వేసింది గంగవ్వ. బిలోలి నుంచి పొద్దుటి బస్సుకు ఆకుకూరల గంప తెచ్చుకుని, మా వీధిలో అమ్ముకుని, ఎండ ముదిరేలోపు తిరిగిపోయే మనిషి ఆమె. ఎన్నో ఏళ్లుగా మా అరుగు మీదే టీ తాగుతుంది కాబట్టి మా ఇంటి కథలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఆ రోజు గంప దించకముందే అంది:

"అక్కా, మీ బాపు కారు దొరికింది."

"ఏ కారు గంగవ్వా?"

"ఏ కారేంది! ఎప్పుడు జూడు చెప్తనే ఉంటవు గదా, చింతపండు కారు. మా అల్లుడు పనిచేసే జిన్నింగు మిల్లు ఎనుక రేకుల కింద పడున్నది. ముందటి మూత ఎత్తి సూసిన. లోపల తెల్లరంగుతోటి తామరపువ్వు ముగ్గు ఉన్నది. మీ అత్త ఏసిందే గదా అది?"

"ఎవరిదో కారు మూత నువ్వెందుకు ఎత్తినవే?"

"ఇన్నేండ్ల సంది ఇంటున్న. నీ కథ నిజమా, అబద్ధమా తెల్సుకోవద్దా?"

నేను నవ్వి, ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాను. మిల్లువాళ్లు జాగా కావాలని ఆ కారును తునకలు కొట్టించి పాత ఇనుములో వేయబోతున్నారని కూడా గంగవ్వే చెప్పింది. నేను లోపలికి వెళ్లి దేవుడి ముందు దీపం వెలిగించి, ఏమీ అడగకుండా దండం పెట్టుకున్నాను. తర్వాత, వరసకు నా తమ్ముడి కూతురైన కావ్యను పిలిచాను. మా ఇంటి పక్కనున్న షెడ్డులో పాత కార్లకు ప్రాణం పోయడమే కావ్య పని. మధ్యాహ్నం బస్సుకు గంగవ్వతో పాటు మేమిద్దరం బిలోలి వెళ్లి, మిల్లువాళ్లకు పాత ఇనుము ధర కట్టాం. సాయంత్రానికి లారీ మీద కారు మా వాకిట్లోకి వచ్చింది. దాని నల్లరంగు చాలా చోట్ల లేచిపోయింది, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. మూత ఎత్తితే మాత్రం తామరపువ్వు ఉంది. ఆ తెల్లటి రేకుల మీద వేలు పెట్టగానే నాకు కిరసనాయిలు, సాంబ్రాణి, జొన్నరొట్టె, మూడు వాసనలూ ఒక్కసారే వచ్చాయి. నా చిన్నతనం వాసన అదే.

మాది నాందేడ్‌లో పప్పుధాన్యాల వ్యాపారం చేసే ఉమ్మడి కుటుంబం. మోంఢాలో, అంటే ధాన్యం బజారులో, దుకాణం. దాని పెత్తనం మా పెద్దబాపుది; ఆయన మా బాపుకు, అంటే నాన్నకు, అన్న. బాపు కూడా దుకాణంలో కూర్చునేవాడు గానీ, ఆయన మనసంతా ఇంటి పక్కన ఒకప్పుడు పశువులను కట్టిన కొట్టంలో ఉండేది. దానికే మేం షెడ్డు అని పేరు పెట్టుకున్నాం. పొద్దున స్నానం, పూజ అయ్యాక రొట్టె కాలేదాకా షెడ్డు, ఆ తర్వాత దుకాణం. ఆదివారం రోజంతా షెడ్డే. ఊళ్లో ఎవరి జీపు మొరాయించినా, ఎవరి అంబాసిడర్ పొగ కక్కినా ఆదివారం మా వాకిట్లో ఉండేది. బాపు ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. విప్పి చూసి నేర్చుకున్నాడు. తిరిగి బిగించేటప్పుడు ఏదైనా మిగిలిపోతే దాన్ని అరచేతిలో పెట్టుకుని, "నువ్వెక్కడిదానివి తల్లీ?" అని అడిగేవాడు. అడిగే తీరు చూస్తే అది నిజంగా చెప్తుందేమో అనిపించేది.

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. బాపు అక్క లచ్చత్త నన్ను పెంచింది. ఆమె చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. అమ్మ పోయిన భయంతో ఆమె నన్ను కళ్ల ముందు నుంచి కదలనిచ్చేది కాదు. బడికి పంపమని ఎవరన్నా అంటే, "బడి ఏడికి పోతది? నేనే బడి" అనేది. అలాగే అయింది కూడా. తెలుగు అక్షరాలు ఆమె ఒళ్లో భజన పాటలతో వచ్చాయి. మరాఠీ, సామాన్లు చుట్టుకొచ్చిన పేపరు ముక్కల మీద బాపు చదివిస్తే వచ్చింది. లెక్కలు పానాల మీద నేర్చుకున్నాను; ఏ నట్టుకు ఏ పానా పడుతుందో తెలిస్తే భిన్నాలు వాటంతట అవే అర్థమయ్యాయి. ఎంతవరకు చదివారని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, "గేరుబాక్సు దాకా" అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను మాత్రం నిజమే చెబుతున్నాను.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. అది ఇంకెక్కడా నేను చూడలేదు. బాపు మొదట్లో విప్పిన సామాన్లను నేల మీద ఎక్కడబడితే అక్కడ పెట్టేవాడు. లచ్చత్తకు అది నచ్చలేదు. "నలుగురికి అన్నం పెట్టే వస్తువు లక్ష్మి గాదురా? లక్ష్మిని ఉత్త నేల మీద పెడ్తవా? కింద ముగ్గు ఎయ్యాలె" అని పట్టుబట్టింది. బాపు, "అక్కా, ఇది ఇనుము, పీట మీద కూసోవెట్టే కొత్త అల్లుడు గాదు" అన్నాడు గానీ ఆమె వినలేదు. ముగ్గు వేసే పని నాకు అప్పజెప్పింది. నేను చుక్కలు పెట్టేదాన్ని. బాపు ఒక్కొక్క ముక్క విప్పి నా చేతికిచ్చేవాడు, నేను ఒక్కొక్క చుక్క మీద పెట్టేదాన్ని. కొన్నాళ్లకు ఆయనకు తెలిసిందేమిటంటే, తిరిగి బిగించేటప్పుడు చివరి చుక్క నుంచి వెనక్కి వస్తే ఒక్క ముక్క కూడా మిగలదు. ఆ రోజు నుంచి మా షెడ్డులో ముగ్గు లేకుండా ఒక్క నట్టు కూడా విప్పలేదు. "ఏ వరస?" అని బండి కింద నుంచి బాపు అరిచేవాడు. "మూడో వరస, బాపూ, తామర పక్కన" అని నేను జవాబిచ్చేదాన్ని. వారానికోసారి అత్త నేల అలికేటప్పుడు కూడా ముగ్గు మీదున్న సామాను జోలికి వెళ్లేది కాదు. చుట్టూ అలికి వచ్చేది.

ఈ నల్లకారు అలాంటి రోజుల్లోనే వచ్చింది. ఇస్లాపూర్ వైపు ఒక పెద్ద భూస్వామి ఇంట్లో నిజాం కాలం నుంచి పడి ఉన్న విలాయతి కారు. దాంట్లో కోళ్లు గుడ్లు పెట్టుకునేవట. తీసుకెళ్తే చాలన్నారు వాళ్లు. బాపు ఎడ్లబండికి కట్టి తెచ్చుకున్నాడు. ఇంజను కొంచెం బతిమిలాడితే పలికింది గానీ గేరుబాక్సు బిగుసుకుపోయి ఉంది. అలాంటి కారును నాందేడ్‌లోనే కాదు, ఇంకెక్కడా ఆయనకు తెలిసిన ఏ మేస్త్రీ కూడా విప్పి ఎరగడు. దానికి పుస్తకం లేదు, అడిగేందుకు మనిషి లేడు. బాపు దాన్ని ముక్కముక్కగా విప్పుతూ పోయాడు, నేను పళ్లచక్రాలు, వాటి మధ్య వచ్చే సన్నటి రింగులు వరసగా ముగ్గు మీద పెడుతూ పోయాను. అరిగినవాటికి బదులు కొత్తవి హైదరాబాదు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చేదాకా ఆ వానాకాలమంతా అవి అక్కడే నూనె కారుతూ కూర్చున్నాయి.

అదే వానాకాలం పెద్దబాపు కంది బస్తాలు వరండాలో తడిశాయి. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. భోజనాల దగ్గర చేయి కడుక్కుంటూ అందరి ముందూ అన్నాడు:

"మనం తినే గింజలు వానల, నువ్వాడుకునే ఇనుము నీడల! ఇదేం లెక్కరా తమ్మీ?"

బాపు తల వంచుకున్నాడు. "దసరా దాకా ఆగు అన్నా."

"మంచిది. దసరా నాడు ఆ కారు దానంతట అది, ఎవ్వరు నూకకుండ, ఊరి ఎల్ల దాటి జమ్మి దగ్గరికి పోయి రావాలె. అస్తే షెడ్డు నీది, ఇగ నేను నోరెత్త. రాకుంటే తెల్లారి నా బస్తాలు లోపలికి, నీ ఇనుము బయటికి."

మా ఊళ్లో దసరా సాయంత్రం అందరూ ఊరి పొలిమేర దాటి వెళ్లి, ఆకులు తెంపుకొచ్చి, బంగారమని ఒకరి చేతుల్లో ఒకరు పెట్టి పెద్దల కాళ్లు మొక్కుతారు. ఆ ఎల్ల దాటడం మీదే బాపు షెడ్డు ఆధారపడింది. నా బడి కూడా.

కావలసిన చివరి ముక్క అష్టమి రోజు పొద్దున రైల్లో వచ్చింది. బాపు దాన్ని తేవడానికి స్టేషనుకు వెళ్లాడు. మధ్యాహ్నం నుంచి బిగించడం మొదలుపెడితే దసరాకు సరిపోతుందని లెక్క. నన్ను బంతిపూలకు బజారుకు పంపింది లచ్చత్త. తిరిగి వచ్చేసరికి బాపు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి అడుగు పెట్టడం లేదు. ఆయన చంక కింద నుంచి తొంగి చూశాను. నేల పచ్చగా, తడిగా, అప్పుడే అలికి ఉంది. ముగ్గు లేదు. మధ్యలో పెద్ద వెదురుబుట్ట, దాంట్లో గేరుబాక్సు మొత్తం, దేవుడి గంటలా మెరిసిపోతూ.

"అక్కా," అన్నాడు బాపు మెల్లగా, "ఇదేంది?"

అత్త ముఖం వెలిగిపోతోంది. చీరకొంగు నడుముకు దోపుకుని ఉంది, చేతులు మోచేతుల దాకా మసి. "రేపు ఆయుధ పూజ గదరా. మురికి సామానుకు బొట్టెట్ల పెడ్దును? చింతపండు, బూడిద ఏసి ఒక్కొక్కటి తోమిన. పొద్దుటి సంది నడుం ఎత్తలే. సూడు, ఎట్ల మెరుస్తున్నయో!"

"ముగ్గేది?"

"పాత ముగ్గు గాదె? పండుగకు కొత్తది ఎయ్యాలె గదా."

పెద్దబాపు వెనక నుంచి వచ్చి బుట్టలోకి చూశాడు. "అరే, కారుకు చింతపండు పులుసు పెట్టిండ్రా? ఇంగువ ఏసిండ్రా లేదా మరి?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. బాపు అరవలేదు. అరిచినా బాగుండేది. గోడకు వీపు ఆనించి కూలబడి, "పుస్తకం లేదక్కా. ఆ ముగ్గే నా పుస్తకం" అన్నాడు. అత్త నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. ఏం చేసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. పులుపు తగిలిన ఉక్కు తొందరగా తుప్పెక్కుతుంది కాబట్టి బాపు కాసేపటికి లేచి, అన్నింటినీ కిరసనాయిల్లో ముంచి తుడుస్తూ కూర్చున్నాడు. ఏ ముక్క దేని పక్కదో తెలియకపోయినా పాడు కానివ్వడం ఆయనకు చేతకాదు. నా వైపు తిరిగి, "బిడ్డా, నీకు యాదున్నదా?" అని అడిగాడు. నాకు పెద్ద చక్రాలు గుర్తున్నాయి. వాటి మధ్య ఏ రింగు, ఎన్ని రింగులు, ఏది ముందు ఏది వెనక అంటే తల తిరిగింది.

అత్త దేవుడి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. అన్నం తినలేదు. ఎండ నడినెత్తి దాటాక, తమ్ముడు కూడా తినలేదని గుర్తొచ్చి కాబోలు, మంచినీళ్ల చెంబు తీసుకుని షెడ్డులోకి వచ్చింది. అప్పుడు వినిపించింది ఆమె కేక.

"సుశీ! ఉరుకు బిడ్డా! నీ ముగ్గు పోలే!"

పడమటి తలుపులోంచి ఎండ నేరుగా నేల మీద పడుతోంది. అలికిన పేడ ఆరుతోంది. ఆరిన చోటల్లా కింద నుంచి నల్లగా, నెమ్మదిగా నూనె మరకలు పైకి తేలుతున్నాయి. వానాకాలమంతా ఆ ముక్కలు కార్చిన నూనె మట్టి లోపలికి ఇంకిపోయి ఉంది కదా, పై అలుకు దాన్ని ఆపలేకపోయింది. ముందు ఒక గుండ్రటి మరక. దాని పక్కన పళ్లపళ్లుగా అంచున్న పెద్ద మరక. తర్వాత సన్నటి ఉంగరం, ఇంకో ఉంగరం. నా చుక్కలు చెరిగిపోయాయి గానీ, చుక్కల మీద కూర్చున్నవి తమ జాగా వదల్లేదు. ముగ్గురం అంచున కూర్చుని, అవి ఒక్కొక్కటి లేస్తుంటే చూశాం. అంత గొప్ప దర్శనం నాకు ఏ గుడిలోనూ మళ్లీ కాలేదు. తప్పుగా అనుకోకండి, గుడిని తక్కువ చేసి అనడం లేదు.

బాపు ఒక్కొక్క ముక్కను దాని మరక మీద పెడుతూ పోయాడు. చివరికి మూడు రింగులు మిగిలాయి. మూడూ ఒకే వెడల్పు, మూడు మరకలూ ఒకేలా ఉన్నాయి. అప్పుడు అత్త ముందుకు జరిగి కూర్చుంది.

"ఇటియ్యి. ఇది మందం. తోమేటప్పుడు చేతికి బరువు తగిలింది. ఇగ ఇది, ఇగో, దీని అంచు జెర కొరికినట్టున్నది. దీనితోనే నా ఏలు తెగింది." తెగిన వేలు చూపించింది. "తామర దగ్గర మొదలువెట్టి వరసగనే తోముకుంట పోయిన. మొదలు పెద్ద పండ్ల చక్రం, దాని ఎనుక ఇది, ఆ ఎనుక ఏలు తెగింది. రక్తం కడుక్కొని అచ్చి, ఆఖరుది ఈ పలుచటిది తోమిన. నా ఏలు అబద్ధమాడదు."

బాపు ఆమె చెప్పిన వరసలోనే పెట్టాడు.

ఇక మరుసటి రోజు నవమి. ఆయుధ పూజ నాడు పూజలో పెట్టిన పనిముట్లను తాకకూడదు, దసరా పొద్దున ఉద్వాసన చెప్పేదాకా. మా ఇంట్లో ఈ నియమం అందరికంటే గట్టిగా పట్టేది లచ్చత్తే. ఆ రోజు కూరగాయలు కోసే కత్తిపీటను కూడా ముట్టనిచ్చేది కాదు. బాపు పానాలన్నీ తెచ్చి పీట మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్త పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది, హారతి ఇచ్చింది. తర్వాత పెద్ద పానా తీసి కళ్లకద్దుకుని బాపు చేతిలో పెట్టింది.

"అక్కా, ఇయ్యాల ముట్టద్దు గదా?"

"నువ్వు పనిచెయ్యి. తల్లికి నేను చెప్పుకుంట. తప్పయితే నాకే తాకనీ."

జీవితమంతా నియమంతో నిలబడిన మనిషి, ఆ ఒక్కటి తమ్ముడి కోసం తీసి పక్కన పెట్టింది. రోజంతా ఆమె పూజగదిలో జపం చేస్తూనే ఉంది, పక్క నుంచి ఠంగుఠంగుమని పానా చప్పుడు వస్తూనే ఉంది. ఆ రెండూ నాకు ఇప్పటికీ ఒకే పూజగా వినిపిస్తాయి.

దసరా సాయంత్రం కారును వాకిట్లోకి తెచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. వీధంతా వచ్చి నిలబడింది. మంచి పనికి బయలుదేరేటప్పుడు ఎదురుపడకూడదని లచ్చత్త అలవాటుగా తలుపు వెనకకు వెళ్లిపోయింది. బాపు అది చూశాడు. ఇంజను తిప్పే హ్యాండిలు పక్కన పెట్టి, లోపలికి వెళ్లి, ఆమె చేయి పట్టుకుని తీసుకొచ్చి ముందు తలుపు తెరిచాడు.

"ముందల కూసో."

"నేనా? వద్దురా, నలుగురు ఏమంటరు?"

"కూసోకుంటే గేరు ఎయ్య. తోమింది నువ్వు, వరస చెప్పింది నువ్వు. నువ్వు లేకుంట ఇది కదలదు."

అత్త కూర్చుంది. నేను ఆమె ఒళ్లో. బాపు హ్యాండిలు రెండుసార్లు తిప్పితే ఇంజను లేచింది. ఆయన వచ్చి కూర్చుని, కళ్లు మూసుకుని గేరు వేశాడు. వెన్నలోకి కత్తి దిగినట్టు, చప్పుడు లేకుండా పడింది. నిమ్మకాయలు ఫట్టుమన్నాయి. వీధి అరిచింది. మేం మోంఢా దాటాం, చివరి ఇళ్లు దాటాం, ఎల్ల దాటాం. అత్త రెండు చేతులతో ముందున్న చెక్కను పట్టుకుని, "నారాయణా, నారాయణా" అంటూనే, మధ్యలో ఒకసారి వంగి నా చెవిలో, "ఇంకా జోరుగ పోతదా ఇది?" అని అడిగింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే విన్నాను. చెట్టు దగ్గర పెద్దబాపు మా కోసం నిలబడి ఉన్నాడు. తెంపిన మొదటి ఆకు బాపుకు కాదు, లచ్చత్త చేతిలో పెట్టాడు. "అక్కా, చింతపండు ఇంక మిగిలిందా? నా తక్కెడ కూడ తోమిపెట్టు" అన్నాడు. అంతే, షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు. బస్తాలకు వేరే చోట రేకులు వేయించుకున్నాడు. మర్నాడు అత్త తెల్లరంగు డబ్బా తెప్పించుకుని, కారు మూత లోపలివైపు తామరపువ్వు వేసింది. "ఇగ దీన్ని ఎవ్వరు అలకలేరు" అంది.

బాపు పోయాక ఆ కారు చేతులు మారి మా కంటికి కనబడకుండా పోయింది. షెడ్డు మాత్రం మిగిలింది. ఇప్పుడు అందులో నేల సిమెంటుది, బండిని పైకెత్తే యంత్రం ఉంది, కావ్య ఫోను ఒత్తితే ఏ దేశం కారు బొమ్మైనా విడివిడి ముక్కలుగా కనబడుతుంది. నల్లకారు గేరుబాక్సు విప్పే రోజున నేను ముగ్గుపిండి డబ్బాతో వెళ్తే ఆ పిల్ల నవ్వింది. "అత్తా, ఫోటో తీస్తే సరిపోతది గదా?" "తియ్యి బిడ్డా. లక్ష్మిని ఉత్త నేల మీద పెట్టుడు ఎందుకని" అన్నాను. చుక్కలు పెట్టాను. ఆమె విప్పి ఇస్తుంటే నేను పెడుతూ పోయాను, మోకాళ్లు సహకరించినంతసేపు. మూడు రింగులు వచ్చాయి. మందంది, అంచు కొరికినట్టున్నది, పలుచటిది, సరిగ్గా ఆ వరసలోనే. కావ్య వెలుతురులో పెట్టి చూసి, "ఎవరు పెట్టిండ్రో గాని బరాబర్ పెట్టిండ్రు. ఒక్కటి గూడ మార్చే పనిలేదు" అంది. ఎవరు పెట్టారో అప్పుడు చెప్పాను. అంతవరకు ఎన్నోసార్లు విన్న కథే అయినా, ఆ రింగు చేతిలో పట్టుకుని వింటే వేరుగా ఉంటుంది కాబోలు, ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

అప్పట్లో ఒక ముక్క కోసం ఒక కాలమంతా ఎదురుచూశాం. ఇప్పుడు వారంలో ఇంటికి వస్తుంది. అప్పట్లో ముందు సీటుకు అత్తను బతిమిలాడి తేవలసి వచ్చింది; ఈ దసరాకు కావ్య తానే నడిపింది, పక్కన నేను, వెనక గంగవ్వ. ఎవరూ ఏమీ అనలేదు. అనే ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఊరు పెరిగిపోయి ఎల్ల ఎక్కడుందో వెతుక్కుంటూ చాలా దూరం వెళ్లాం. గేరు వెన్నలాగే పడింది. అడగకుండానే ఇన్ని ఇచ్చిన దేవుడికి ఏమని చెప్పుకోను!

లచ్చత్త ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. ఆమె పేరున ఇల్లు లేదు, పొలం లేదు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక కారు మూత కింద తామరపువ్వు, లోపల ఆమె తెగిన వేలు చెప్పిన వరసలో మూడు రింగులు. అందుకే ఇది చదివినవాళ్లను ఒక్కటే కోరుతున్నాను. వచ్చే పండుగకు మీ బండి కడిగి, బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచినప్పుడు, కదిలే ముందు ఒక్క క్షణం ఆగి మా లచ్చత్తను తలుచుకోండి. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరండి.